రెండు వేళ్లతో జూమ్ చేశా, సగం సినిమా పోయింది: ఫిల్మ్ స్టడీస్ పరీక్షకు ఫోన్లోనే చదివిన అనుభవం

ముందే చెప్పేస్తున్నా. ఇందులో అన్‌బాక్సింగ్ లేదు, బెంచ్‌మార్క్ స్కోర్లు లేవు. నా దగ్గరున్నది మూడేళ్ల పాత ఫోన్. 6.6 అంగుళాల ఎల్‌సీడీ స్క్రీన్, 120 హెర్ట్జ్ రిఫ్రెష్ రేట్, 6 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్, పైన కుడి మూలన ఒక పగులు. ఏడాదిన్నరగా ఫిల్మ్ స్టడీస్ ప్రవేశ పరీక్షకు దీనిమీదే చదువుతున్నా.

మొదటిసారి రాసినప్పుడు తప్పా. తప్పు ఫోన్‌ది అనను. కానీ ఆ ఫోన్లో నేను వాడుతున్న ఒక్క సెట్టింగ్ నా కళ్లముందు నుంచి ఏం తీసేసిందో తెలిసిన రోజు మాత్రం బాగా గుర్తుంది. ఆ రోజు నుంచి ఫోన్లో ఒక్కో ఫీచర్ ఆపుకుంటూ వచ్చా. ఫోన్లో సినిమా చూసే ప్రతి ఒక్కరికీ ఇది పనికొస్తుంది. పరీక్షకు చదివేవాళ్లకైతే తప్పనిసరి.

అసలు ఏం పరీక్ష ఇది?

పుణెలోని ఎఫ్‌టీఐఐ 1960లో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో మొదలైంది. కోల్‌కతాలో సత్యజిత్ రే పేరుతో ఉన్న ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ 1995లో వచ్చింది. డైరెక్షన్, సినిమాటోగ్రఫీ, ఎడిటింగ్, సౌండ్ లాంటి విభాగాలుంటాయి. చాలావాటికి ఏ డిగ్రీ ఉన్నా చాలు. మన హైదరాబాద్‌లో ఇఫ్లూలో కూడా ఫిల్మ్ స్టడీస్ చదవొచ్చు. ఇలాంటి చోట్ల పెట్టే పరీక్షలకు సినిమా చరిత్ర తెలియాలి. దాంతోపాటు ఒక దృశ్యాన్ని చూసి అది ఎలా తీశారో, ఎందుకు అలా తీశారో సొంత మాటల్లో రాయగలగాలి. మొదటిది బట్టీ పట్టొచ్చు. రెండోది కుదరదు.

ఇది ఇంట్లో వాళ్లకి చెప్పడం ఇంకో పరీక్ష. "సినిమాలు సూడ్డానికి పరీచ్చేటిరా?" అంది మా అమ్మ. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. మాది కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు. నాన్న వేటకెళ్తారు. శ్రీకాకుళం వెళ్లాలంటే పాతిక కిలోమీటర్ల పైనే. అక్కడి థియేటర్లలో కొత్త సినిమాలు ఆడతాయి గానీ, 1925 నాటి రష్యన్ సినిమా ఎవరు వేస్తారు? ఫిల్మ్ క్లబ్ లేదు, చర్చించడానికి పక్కన మనిషి లేడు. కాబట్టి నాకు థియేటర్, లైబ్రరీ, క్లాస్‌రూమ్ అన్నీ ఈ ఫోనే.

"నీళ్లు ఎక్కడ?"

మొదటిసారి నా ప్రిపరేషన్ ఇలా సాగింది. నెట్లో దొరికిన లిస్ట్ పట్టుకుని నలభై సినిమాలు "పూర్తి చేశా". అన్నీ 1.5 స్పీడ్‌లో. రెండు వేళ్లతో లాగి స్క్రీన్ నిండా పెట్టుకుని మరీ. టైమ్ లేనివాటికి పది నిమిషాల రీక్యాప్ వీడియోలు. ఏ సినిమా ఎవరు తీశారు, ఏ సంవత్సరం, ఏ అవార్డు, అన్నీ నోటికొచ్చు. ఫలితాల్లో మాత్రం నా నంబర్ లేదు.

విశాఖలో నాకు తెలిసిన ఒక అన్నయ్య ఉన్నాడు. ఇదే చదువు చదివొచ్చినవాడు. నా గోల విని వాట్సాప్‌లో ఒక ప్రశ్న పంపాడు: "పథేర్ పాంచాలిలో మిఠాయి అమ్మేవాడి వెనక పిల్లలు నడిచే షాట్ గురించి పది లైన్లు రాయి."

ఆ సినిమా అప్పటికి రెండుసార్లు చూశా. గబగబా రాసి పంపా. 1955 నాటి సినిమా, సత్యజిత్ రేకి మొదటిది, కెమెరా సుబ్రత మిత్ర, పేదరికం, పిల్లల ఆశ, కొనుక్కోలేని మిఠాయి... పది లైన్లు అనుకుంటే పదిహేను అయ్యాయి.

అన్నయ్య నుంచి ఒక్క ముక్క జవాబు: "నీళ్లు ఎక్కడ?"

"ఏ నీళ్లు అన్నయ్యా?" అన్నా.

"మళ్లీ చూడు. ఈసారి జూమ్ తీసేసి చూడు."

తీసేసి చూశా. మిఠాయి కావడి మోసేవాడు, వెనక దుర్గ, వెనక అపు, ఆ వెనక కుక్క. వాళ్లంతా చెరువు పక్క నుంచి వెళ్తుంటే, ఆ ఊరేగింపు మొత్తం నీళ్లలో తలకిందులుగా నడుస్తోంది. ఆ షాట్ ప్రాణమంతా ఆ ప్రతిబింబంలోనే ఉంది. నా ఫోన్లో నేను రెండుసార్లూ దాన్ని సరిగ్గా చూడనే లేదు.

లెక్క చూడండి, ఎంత పోతుందో

మన ఫోన్ స్క్రీన్లు ఇప్పుడు ఎక్కువగా 20:9. అంటే ఎత్తు 1 అయితే వెడల్పు 2.22. పాత సినిమాల ఫ్రేమ్ 1.37. రెండూ అసలు కలవవు. ఫ్రేమ్ మొత్తం కనపడేలా పెడితే స్క్రీన్ వెడల్పులో 62 శాతమే సినిమా ఉంటుంది, రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. ఆ నల్ల పట్టీలు నచ్చక మనం రెండు వేళ్లతో లాగుతాం. అప్పుడు పట్టీలు పోతాయి, వాటితోపాటు పైనా కిందా కలిపి 38 శాతం బొమ్మ కూడా పోతుంది. మూడో వంతు కంటే ఎక్కువ. మనుషుల తలల పైనుండే ఆకాశం, కాళ్ల కిందుండే నేల, నీళ్లు, అన్నీ పోతాయి.

2.39 ఫ్రేమ్‌లో తీసిన ఇప్పటి సినిమాల్ని లాగితే పోయేది పక్కల్లో సుమారు 7 శాతం. దాన్ని మనం పట్టించుకోం. అలవాటు అక్కడ మొదలవుతుంది, దెబ్బ పాత సినిమా దగ్గర తగులుతుంది.

ఇంకో సంగతి తెలిశాక మరీ సిగ్గనిపించింది. 1993లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో అపు సినిమాల నెగటివ్‌లు కాలిపోయాయి. ఏళ్ల తరబడి పనిచేసి, కాలిన రీళ్లలో మిగిలినవాటిని, ఇతర కాపీలను కలిపి 2015 నాటికి 4కేలో మళ్లీ నిలబెట్టారు. ఆ పునరుద్ధరణ పని ఇటలీలోని బొలోన్యా ల్యాబ్‌లో జరిగింది. ప్రతి ఫ్రేమ్ అంచు వరకు కాపాడటానికి వాళ్లు అంత కష్టపడ్డారు. నేను మంచం మీద పడుకుని రెండు వేళ్లతో మూడో వంతు చెరిపేశా.

నాన్న చూసిన షాట్

ఇది జరిగింది వేట నిషేధం రోజుల్లో. మా తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు సముద్రంలోకి వెళ్లవు. నాన్న ఇంట్లోనే ఉన్నారు. పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటూ ఫోన్ వైపు ఓ కన్నేశారు.

"ఏటిరా, ఆ ముక్కే పదిసార్లు ఏస్తన్నావు?"

"నీళ్లలో నీడ సూస్తన్నాను నాన్నా."

ఆయన ఫోన్ చేతిలోకి తీసుకుని ఒకసారి చూశారు. "గాలి లేనప్పుడు తీసారు. పిసరు గాలున్నా నీడ ఇరిగిపోద్ది," అన్నారు. మళ్లీ వల పనిలో పడ్డారు.

నేను చదివిన నోట్స్‌లో ఈ మాట ఎక్కడా లేదు. నేను నలభై సినిమాలు చూసి "పేదరికం" అని రాశా. ఆయన ఒక్క షాట్ చూసి, అది తీసిన పూట గాలి ఎలా ఉందో చెప్పారు. ఇదే సినిమాలో రెల్లుపూల పొలంలో పిల్లలు రైలు చూసే దృశ్యం ఉంది కదా. కొంత తీశాక, వారం తర్వాత వెళ్లేసరికి ఆ పూలు పశువులు మేసేశాయి. మిగతాది తీయడానికి మళ్లీ పూలు పూసే కాలం వరకు ఆగారు. ఈ కథ నాకు ముందే తెలుసు, ట్రివియాలా తెలుసు. నాన్న మాట విన్నాకే అర్థమైంది, షాట్ అంటే ఎవరో ఒక చోట నిలబడి, గాలికీ వెలుగుకీ కాచుకుని తీసిన పని అని. పరీక్ష అడిగేది ఆ పనిని గుర్తుపట్టమనే.

అప్పటి నుంచి నా రూల్ ఒక్కటే. సినిమాకీ నాకూ మధ్య ఫోన్ చేసే ఏ సాయమైనా ముందు ఆపేయాలి.

ఆపేసినవి, ఒక్కొక్కటిగా

ఫిల్ జూమ్: ఇది అయిపోయింది. యాప్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్‌గా స్క్రీన్ నింపే ఆప్షన్ ఉంటే అదీ ఆపండి. వీఎల్‌సీ లాంటి ప్లేయర్‌లో ఆస్పెక్ట్ రేషియో "బెస్ట్ ఫిట్"లో ఉంచండి. నల్ల పట్టీలను స్క్రీన్ వేస్ట్ అనుకోకండి. ఫ్రేమ్ ఎక్కడ ఆగిందో చెప్పేది అవే.

ప్లేబ్యాక్ స్పీడ్: ఎడిటింగ్ గురించి రాయాలంటే షాట్ ఎంతసేపు ఉందో ఒంటికి తెలియాలి. 1.5 స్పీడ్‌లో 6 సెకన్ల షాట్ 4 సెకన్లవుతుంది. ఐజెన్‌స్టీన్ 1925లో తీసిన బాటిల్‌షిప్ పొటెమ్‌కిన్‌లో ఒడెస్సా మెట్ల దృశ్యం దడ పుట్టించేది షాట్ల నిడివితోనే. దాన్ని స్పీడ్ పెంచి చూస్తే ఎడిటర్ చేసిన పని మీద మనం ఇంకో ఎడిటింగ్ చేసినట్టే. నేను చేసే అభ్యాసం ఇది: 3 నిమిషాల ముక్క తీసుకుని, కట్ పడినప్పుడల్లా పెన్నుతో ఒక గీత పెడతా. 45 గీతలు వస్తే సగటు షాట్ 4 సెకన్లు. ఇలా పది సినిమాలకు చేస్తే వేగం అన్న మాటకు అర్థం తెలుస్తుంది.

మూకీలతో ఇంకో చిక్కుంది. ఆ రోజుల్లో చాలా సినిమాలు సెకనుకు 16 నుంచి 18 ఫ్రేముల దగ్గర తీశారు. వాటిని 24లో నడిపిస్తే మనుషులు గెంతుతున్నట్టు కనిపిస్తారు. అలాంటి కాపీ చూసి "పాతకాలం నటన ఇంతే" అని రాయకండి. అక్కడ మాత్రం స్పీడ్ 0.75కి తగ్గించి చూస్తే అసలు నడక కనపడుతుంది.

మోషన్ స్మూతెనింగ్: కొన్ని ఫోన్లలో, చాలా టీవీల్లో ఇది ఉంటుంది. సినిమాలో లేని ఫ్రేముల్ని మధ్యలో తయారుచేసి ఇరికిస్తుంది. అందుకే సినిమా సీరియల్‌లా జారిపోతూ కనిపిస్తుంది. క్రికెట్‌కి ఓకే. సినిమాకి వద్దు.

రిఫ్రెష్ రేట్ సంగతి వేరు, అది పనికొచ్చేదే. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద ఒక్కో ఫ్రేమ్‌కి రెండున్నర రిఫ్రెష్‌లు వస్తాయి. సగం కుదరదు కాబట్టి ఒక ఫ్రేమ్ రెండుసార్లు, తర్వాతిది మూడుసార్లు చూపిస్తుంది. కెమెరా మెల్లగా పక్కకు తిరిగేటప్పుడు చిన్న కుదుపు కనపడేది అందుకే. 120 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేమ్ సరిగ్గా ఐదుసార్లు. కుదుపు ఉండదు. 90 హెర్ట్జ్ మాత్రం 24తో భాగించబడదు. కాకపోతే వీడియో నడిచేటప్పుడు చాలా ఫోన్లు బ్యాటరీ కోసం తమంతట తామే 60కి దిగిపోతాయి. డెవలపర్ ఆప్షన్స్‌లో రిఫ్రెష్ రేట్ చూపించే స్విచ్ ఆన్ చేసి చెక్ చేసుకోండి.

వివిడ్ కలర్, ఐ కంఫర్ట్, ఆటో బ్రైట్‌నెస్: కలర్ మోడ్ "నేచురల్" లేదా "స్టాండర్డ్"లో పెట్టండి. వివిడ్‌లో అన్ని సినిమాలూ ఒకే పెళ్లిమండపంలా మెరుస్తాయి. రాత్రి పసుపుగా మారే ఐ కంఫర్ట్ మోడ్ ఆన్‌లో ఉంటే బ్లాక్ అండ్ వైట్ సినిమా టీలో ముంచినట్టు ఉంటుంది. ఆటో బ్రైట్‌నెస్ దృశ్యం మధ్యలో వెలుగు మార్చేస్తుంది, అది కెమెరామన్ చేశాడో ఫోన్ చేసిందో మనకు తెలియదు.

దీనికి మన దగ్గరే మంచి టెస్ట్ సినిమా ఉంది. 1957 నాటి మాయాబజార్. కెమెరా మార్కస్ బార్ట్‌లే. అందులో పడవ పాటలో కనిపించే వెన్నెల అసలు వెన్నెల కాదు, లైట్లతో పుట్టించింది. మొహాల మీద వెలుగు ఎటు నుంచి పడుతోంది, నీళ్ల మీద మెరుపు ఎక్కడ ఆగింది, వెనక చీకటి ఎంత ముదురుగా ఉంది, ఇవన్నీ చూడాలంటే ఫోన్ వెలుగును ఒకచోట కట్టేయాలి. 2010లో ఈ సినిమాకి రంగులద్ది విడుదల చేశారు. అది సరదాగా చూడండి. లైటింగ్ గురించి చదవాలంటే మాత్రం బ్లాక్ అండ్ వైట్‌దే చూడాలి.

సౌండ్ ఎఫెక్ట్స్: ఈక్వలైజర్, సరౌండ్, బాస్ బూస్ట్ అన్నీ ఆఫ్. ఫోన్ స్పీకర్ అసలు వద్దు, లోతైన శబ్దాలు అందులో పలకవు. నాది వైరు ఇయర్‌ఫోన్. ఖరీదైనది కాకపోయినా ఎడమ కుడి తేడా తెలుస్తుంది, ఛార్జింగ్ గొడవ లేదు.

మళ్లీ పథేర్ పాంచాలి దగ్గరికే వస్తా. ఊరి నుంచి తిరిగొచ్చిన తండ్రి కూతురి కోసం తెచ్చిన చీర తీసిస్తాడు. కూతురు లేదని ఆయనకింకా తెలియదు. తల్లి ఆ చీర పట్టుకుని ఏడుస్తుంది. ఆ ఏడుపు మనకు వినపడదు. దాని బదులు తార్ షెహనాయ్ మోగుతుంది. స్పీకర్లో, స్పీడ్ పెంచి చూసినప్పుడు నాకది "బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్" అనిపించింది. ఇయర్‌ఫోన్ పెట్టుకుని మామూలు స్పీడ్‌లో విన్నాక ఆమె గొంతు తీసేశారని తెలిసింది. సౌండ్ డిజైన్ మీద ఎన్ని పీడీఎఫ్‌లు చదివినా అంత తెలియలేదు.

నోటిఫికేషన్లు: డు నాట్ డిస్టర్బ్. ఇది చెప్పక్కర్లేదు, అయినా చెబుతున్నా. రెండు గంటలు, అంతే.

నల్లగా వచ్చిన స్క్రీన్‌షాట్

నోట్స్ కోసం ఫ్రేములు స్క్రీన్‌షాట్ తీద్దామనుకున్నా. ఓటీటీ యాప్‌లలో తీస్తే నల్లగా వస్తుంది, కాపీ రక్షణ అలా అడ్డుకుంటుంది. మొదట చిరాకేసింది. తర్వాత ఒక నోట్‌బుక్ తీసుకుని చిన్న చిన్న డబ్బాలు గీసి, పాజ్ చేసిన ఫ్రేమ్‌ని పెన్సిల్‌తో వేయడం మొదలుపెట్టా. నాకు బొమ్మలు రావు. మనిషికి గుండ్రం తల, ఒక గీత ఒళ్లు, వెలుగు వచ్చే వైపు బాణం గుర్తు.

నెల తిరిగేసరికి తేడా తెలిసింది. స్క్రీన్‌షాట్ తీసినవి ఫోన్లో వందల కొద్దీ పడున్నాయి, ఒక్కటీ గుర్తులేదు. గీసినవి మాత్రం కళ్లు మూసుకున్నా కనపడతాయి. గీయాలంటే తల ఎక్కడుంది, తలుపు ఎక్కడుంది, ఎంత ఖాళీ వదిలారు అని చూసి తీరాలి. అందుకే ఇప్పుడు స్క్రీన్‌షాట్ కుదిరే చోట కూడా గీస్తున్నా.

పాత లాప్‌టాప్ ఎవరి దగ్గరైనా దొరికితే ఒక లాభం ఉంది. వీఎల్‌సీలో ఇంగ్లిష్ "ఇ" కీ నొక్కితే సినిమా ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరుగుతుంది. యూట్యూబ్‌లో పాజ్ చేసి ఫుల్‌స్టాప్ కీ నొక్కితే ముందుకు, కామా కీ నొక్కితే వెనక్కి. ఎస్వీ రంగారావు ముందు లడ్డూలు వాటంతటవే ఎగిరే ముక్కని ఇలా ఫ్రేమ్ ఫ్రేమ్‌గా నడిపి చూడండి. సరదా తీరుతుంది, ట్రిక్ ఫొటోగ్రఫీ పాఠమూ అయిపోతుంది.

కరెంటు పోయే ఊళ్లో చదువు

2021 సెప్టెంబర్ 26 సాయంత్రం గులాబ్ తుపాను మా కళింగపట్నం దగ్గర్లోనే తీరం దాటింది. అప్పటికి నాకీ పరీక్షల సంగతి తెలియదు. ఒక్క విషయం మాత్రం నేర్చుకున్నా. గాలి మొదలయ్యాక నెట్‌ని నమ్ముకోకూడదు, ఫోన్లో ఉన్నదే మనది.

అందుకే వారానికి కావాల్సిన సినిమాలు ఆదివారమే ఆఫ్‌లైన్‌కి దింపుకుంటా. లెక్క ఇదీ. సెకనుకు 2 మెగాబిట్ల దగ్గర రెండు గంటల సినిమా సుమారు 1.8 జీబీ. రోజుకి 1.5 జీబీ ప్లాన్ ఉన్నవాడికి ఒక్క సినిమా కూడా పట్టదు. 0.7 మెగాబిట్ల దగ్గర అదే సినిమా 630 ఎంబీ. మొదటిసారి చూడ్డానికి మంచి క్వాలిటీ, మళ్లీ మళ్లీ షాట్లు లెక్కపెట్టడానికి తక్కువ క్వాలిటీ, ఇదీ నా పద్ధతి. హక్కుల కాలం తీరిపోయిన మూకీలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. టెలిగ్రామ్‌లో తిరిగే కాపీల జోలికి పోకండి. దొంగ కాపీ అన్నది ఒకటి, పక్కలు కోసేసి, మూలన లోగో వేసి, ఆ ఫ్రేమ్ అసలు ఫ్రేమే కాకుండా చేస్తారన్నది రెండోది.

పవర్ బ్యాంక్ 10,000 ఎంఏహెచ్ అని రాసున్నా 5,000 ఎంఏహెచ్ ఫోన్ రెండుసార్లు నిండదు. వోల్టేజ్ మార్పులో కొంత పోతుంది. ఒకటి, మహా అయితే ఒకటిన్నర. వర్షాకాలంలో ఆ ఒకటిన్నరే రెండు సినిమాలు.

చూసింది చాలు, ఇక తీయాలి

అన్నయ్య పెట్టిన ఇంకో షరతు: వారానికి ఒక రోజు సినిమా చూడకుండా మూడు షాట్లు తీసి పంపాలి. ఎడిటింగ్ యాప్‌లు, ఫిల్టర్లు, మ్యూజిక్ నిషేధం.

ఇక్కడ కూడా ఫోన్ తెలివితేటలతోనే గొడవ. లైట్‌హౌస్ దగ్గర పొద్దున్నే సముద్రం వైపు పెడితే సూర్యుడు పైకి వచ్చేకొద్దీ కెమెరా తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది. తెల్లవారడం అనేదే వీడియోలో కనపడదు. స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ అవుతాయి. అది చేశాకే తెల్లవారింది. ఫోన్ కదలకుండా ఇటుకలకు ఆనించి పెట్టా, స్టెబిలైజేషన్ ఆపేశా, 24 ఫ్రేములు ఆప్షన్ ఉంటే అది పెట్టా. జూమ్ లేదు. దగ్గరగా కావాలంటే నడిచి వెళ్లాలి.

ఒకసారి ఒకే షాట్‌ని మూడు ఎత్తుల నుంచి తీశా. ఒడ్డున వల లాగేవాళ్లని ఇసుక మీద ఫోన్ పెట్టి, ఛాతీ ఎత్తులో పట్టుకుని, తర్వాత మెట్లెక్కి పైనుంచి. అదే మనుషులు, అదే వల. కింది నుంచి చూస్తే కొండల్లా ఉన్నారు, పైనుంచి చూస్తే చీమల బారు. లో యాంగిల్, హై యాంగిల్ అని పుస్తకంలో చదివిన రెండు పదాలు ఆ పూట కాళ్లలోకి దిగాయి. శాలిహుండం కొండెక్కి వంశధారని వైడ్ షాట్ తీసిన రోజు ఇంకోటి తెలిసింది. ఫోన్ వైడ్ కెమెరా అంచుల్లో మనిషిని సాగదీస్తుంది. అంచున పెట్టిన మా తమ్ముడు ఇప్పటికీ ఆ వీడియో డిలీట్ చేయమంటున్నాడు.

చివరి గంట ఫోన్ లేకుండా

పరీక్ష హాల్లోకి ఫోన్ రాదు. ఇది ఎంత చిన్న విషయమో అంతగా మర్చిపోతాం. ప్రశ్నపత్రం తెలుగులో రాదు. మనసులో తెలుగులో కనపడిన షాట్‌ని ఇంగ్లిష్‌లో రాయాలి. అందుకే రోజూ ఒక దృశ్యం చూశాక ఫోన్ వేరే గదిలో పెట్టి, ఇరవై నిమిషాలు చేత్తో రాస్తా. ముందు తెలుగులో, ఏం కనిపించింది, ఏం వినిపించింది అన్నది మాత్రమే. ఆ తర్వాత అదే ఇంగ్లిష్‌లో చిన్న వాక్యాల్లో. "బాగుంది", "అద్భుతం", "మనసును తాకింది" అనే మాటలు వస్తే కొట్టేస్తా. మొదట్లో పేజీలో సగం కొట్టివేతలే.

మరి ఏ ఫోన్ కొనాలి?

ఈ చదువు కోసం కొత్త ఫోన్ కొనమని చెప్పను. కొనాల్సి వస్తే మాత్రం స్పెక్ షీట్‌లో నేను చూసేవి ఇవి.

వైడ్‌వైన్ ఎల్1 సపోర్ట్. ఇది లేక ఎల్3 ఉంటే పెద్ద ఓటీటీల్లో హెచ్‌డీ రాదు, ఎంత మంచి స్క్రీన్ ఉన్నా దండగ. బడ్జెట్ కుదిరితే ఓఎల్‌ఈడీ, ఎందుకంటే నలుపు నిజంగా నలుపుగా ఉంటుంది, రాత్రి దృశ్యాల్లో చీకటి బూడిద రంగులోకి మారదు. 120 హెర్ట్జ్. నేచురల్ కలర్ మోడ్. హెడ్‌ఫోన్ జాక్ ఉంటే అదృష్టం. 128 జీబీ, కార్డ్ స్లాట్ ఉంటే ఇంకా మంచిది. 200 మెగాపిక్సెల్ కెమెరా, గేమింగ్ మోడ్, ఏఐ వీడియో ఎన్‌హాన్సర్ ఇవేవీ అక్కర్లేదు. చివరిదైతే ఉన్నా ఆపేయండి.

ఒక మాట ఒప్పుకోవాలి. ఫోన్ ఎప్పటికీ థియేటర్ కాదు. 6.6 అంగుళాల్లో దూరంగా నిలబడ్డ మనిషి అగ్గిపుల్లంత. అవకాశం దొరికినప్పుడు పెద్ద తెర మీద చూడాల్సిందే. కానీ మా ఊళ్లో తెర దొరికేదాకా ఆగితే చదువే మొదలవదు.

రెండోసారి రాత పరీక్ష దాటా. ఆ తర్వాతి దశలో ఆగిపోయా. ఇంకోసారి రాస్తా. ఫీజు డబ్బులు ఈసారి నిషేధం మొదలవకముందే పక్కన పెట్టుకున్నా.

మొన్న పొద్దున నది వైపు వెళ్లి, కట్టేసి ఉన్న పడవల్ని నీళ్లలో నీడతో సహా తీద్దామని ఫోన్ పెట్టా. నీడ ముక్కలు ముక్కలుగా ఉంది. నాన్నకి ఫోన్ చేసి అడిగా, గాలి ఎప్పుడు తగ్గుతుందని.

"రేపు ఇంకా ముందు రా," అన్నారు.

అలారం 4:30కి పెట్టుకున్నా.